తోడు పోయిన ముసలి గినీ పిగ్‌ను ఎలా చూసుకోవాలి?

పిల్లల ముచ్చట కోసం గినీ పిగ్‌లను జతగా కొంటాం. కొన్నేళ్లు అవి ఇంట్లో కలిసి తిరుగుతాయి, కలిసి తింటాయి. ఒకరోజు ఒకటి పోతుంది. ముసలిది ఒక్కటే మిగులుతుంది. గినీ పిగ్ ఆయుష్షు మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు. కాబట్టి మనింట్లో ఆరేళ్లది ఉంటే అది బాగా పెద్దవయసుదే. విజయనగరం, శ్రీకాకుళం ఎండల్లో, ఉక్కపోతల్లో దాన్ని ఒంటరిగా ఎలా సాకాలో ఒక్కో పనీ చూద్దాం. ఇలాంటి సేవ ఇంతకుముందు చేయనివాళ్ల కోసమే ఇదంతా.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకుందాం. తోడు పోయిన దిగులు, లోపల మొదలైన జబ్బు బయటికి ఒకేలా కనిపిస్తాయి. మూలన ముడుచుకుని కూర్చోవడం, మేత తగ్గించడం, మనల్ని చూసి అరవకపోవడం రెండింటిలోనూ ఉంటాయి. "పాపం, బెంగ పెట్టుకుంది, అదే సర్దుకుంటుంది" అని వదిలేసిన వారంలో పంటి నొప్పో కడుపు జబ్బో ముదిరిపోతుంది. ఆ రెండింటినీ విడదీసి చూపించేది మన కళ్లు కాదు, తూకం. అందుకే కావలసినవాటిలో మొదట రాసుకోవలసింది త్రాసు.

కావలసినవి

• వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు, దానిమీద పెట్టడానికి అంచులున్న గిన్నె, ఒక నోటుపుస్తకం.
• ఎండిన గరిక లేదా మెత్తని పచ్చిక. రోజూ తినేదాంట్లో ముప్పాతిక వంతుకు పైగా ఇదే ఉండాలి.
• పాత నూలు లుంగీలు, తువాళ్లు, అడుగున పరవడానికి వార్తాపత్రికలు.
• పక్కలు తక్కువ ఎత్తున్న నీళ్ల గిన్నె. ముసలిదానికి మెడ ఎత్తి సీసా నుంచి తాగడం కష్టం కావచ్చు. సీసా తీసేయకుండా గిన్నె కూడా పెడదాం.
• గోళ్లు కత్తిరించే చిన్న కత్తెర, సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజీలు.
• విటమిన్ సి ఉన్న తాజా కాయగూరలు. మనిషిలాగే గినీ పిగ్ శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నదానికి కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. క్యాప్సికం ముక్క, కొత్తిమీర, పల్చగా కోసిన ఉసిరి రెక్క, చిన్న జామ ముక్క చాలు.

చిలీ దేశపు డెగూ అనే జీవి గినీ పిగ్‌కు దూరపు చుట్టమే. దాన్ని పెంచేవాళ్లకు ఇక్కడి తూకం, తోడు సంగతులు పనికొస్తాయి గానీ మేత సంగతి పనికిరాదు. డెగూకు పండ్ల తీపి పడదు, సులువుగా మధుమేహం వస్తుంది. విటమిన్ సి దాని ఒంట్లోనే తయారవుతుంది. ఒకదాని మేత పట్టికను ఇంకొకదానికి వాడొద్దు.

పద్ధతి

1. పోయినదాన్ని వెంటనే లాక్కోవద్దు. అంటుజబ్బుతో పోలేదని తెలిస్తే, మిగిలినదాన్ని కాసేపు దాని దగ్గర ఉండనిద్దాం. వాసన చూస్తుంది, ముక్కుతో తోస్తుంది, తర్వాత తనంతట తాను దూరం జరుగుతుంది. అలా చూడనిచ్చినప్పుడు ఆ తర్వాతి రోజుల్లో వెతుకులాట తక్కువగా ఉండడం నేను గమనించాను. చీమిడి, తుమ్ములు, విరేచనాలు, చర్మం మీద పొలుసులు ఉండి పోయి ఉంటే మాత్రం ఈ మెట్టు వద్దు. వెంటనే తీసి లోతుగా పాతిపెట్టి, గూడంతా కడిగి ఎండబెడదాం.

2. గూడు మార్చొద్దు. దుఃఖంలో మనకు అన్నీ కడిగి కొత్తగా సర్దాలనిపిస్తుంది. దానికి మాత్రం పాత వాసనే ధైర్యం. తడిసిన పరుపు తీసేసి, పొడిగా ఉన్న బట్టల్లో సగం అలాగే వదిలేద్దాం. మిగతా సగం నాలుగైదు రోజులయ్యాక మారుద్దాం. నీళ్ల గిన్నె, దాక్కునే పెట్టె ఎప్పుడూ ఉన్నచోటే ఉండాలి. ముసలి గినీ పిగ్‌లకు కంట్లో శుక్లాలు రావడం మామూలే. చూపు తగ్గినది అలవాటైన దారుల్లోనే నడుస్తుంది.

3. తూకం మొదలుపెడదాం. మొదటి రెండు వారాలు రోజూ పొద్దున్నే, మేత వేయకముందు తూచాలి. గిన్నెను త్రాసు మీద పెట్టి సున్నా చేసి, ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఇంకో చెయ్యి పెట్టి ఎత్తి కూర్చోబెడదాం. గిన్నె అడుగున బట్ట వేస్తే జారదు. అంకె రాసుకుందాం. ఎదిగిన గినీ పిగ్ 700 నుంచి 1200 గ్రాములు ఉంటుంది. మనదాని సొంత బరువే మనకు కొలమానం, పక్కింటిదాని బరువు కాదు. ఇరవై ముప్ఫై గ్రాముల తేడా మేత వల్లా నీళ్ల వల్లా వస్తుంది, కంగారు వద్దు. వరసగా తగ్గుతూ 50 గ్రాములు దాటితే డాక్టరుకు చూపించాలి. బరువు నిలకడగా ఉండి, మందకొడిగా మాత్రమే ఉంటే దిగులు అనుకోవచ్చు. రెండు వారాల తర్వాత వారానికి రెండుసార్లు తూచితే సరిపోతుంది.

4. మేత ఆగిందేమో చూద్దాం. ఈ జీవి కడుపు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పూటంతా ఏమీ తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే అది ప్రమాదం, మర్నాటి దాకా ఆగకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా దుకాణంలో దొరికే గినీ పిగ్ గుళికలను గోరువెచ్చని నీటిలో నానబెట్టి జావలా చేద్దాం. గినీ పిగ్‌ను తువాలులో చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకుని, సిరంజీని ముందుపళ్ల పక్కనుంచి లోపలికి పెట్టి అర మిల్లీలీటరు చొప్పున ఇద్దాం. నమిలి మింగాకే ఇంకో చుక్క. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కడుపు ఉబ్బి డప్పులా గట్టిగా ఉంటే మాత్రం ఏమీ పట్టొద్దు, నేరుగా డాక్టరే.

5. గరిక సంపాదించడం నేర్చుకుందాం. పెద్ద నగరాల్లో పొట్లాల్లో దొరికే విదేశీ ఎండుగడ్డి మనకు సులువుగా దొరకదు, దొరికినా ఖరీదు. మనకు గరిక ఉంది. పొలం గట్ల మీద కోయొద్దు, వరికి కొట్టిన మందు గట్టు మీదా పడుతుంది. పెరట్లోనో, మందు కొట్టని కొబ్బరి తోటలోనో కోసి, కడిగి, నీడలో ఆరబెడదాం. కార్తీకం నుంచి మాఘం దాకా గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజుల్లో సువాసనతో ఎండుతుంది. శ్రావణంలో ఎండబెడితే బూజు పడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ముక్కిపోయిన వాసన వస్తే పారేయాలి. వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ అందులో సారం తక్కువ, ముసలి నోటికి గరుకు. పాల రైతులు పెంచే నేపియర్ గడ్డి అయితే కాండం తీసేసి ఆకు మాత్రమే వేద్దాం.

తుపాను నెలల కోసం రెండు వారాల ఎండు గరిక మూత ఉన్న డబ్బాలో దాచిపెట్టాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బయట పచ్చికంతా బురదలో ఉంటుంది, కూరగాయల సంత ఉండదు.

6. వేసవికి గూడు సిద్ధం చేద్దాం. మన తీరప్రాంతంలో ముసలి గినీ పిగ్‌కు అన్నిటికన్నా పెద్ద శత్రువు ఉక్కపోత. దానికి చెమట పట్టదు. 27 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుంది, మనకేమో ఫాల్గుణం నుంచే అంతకన్నా ఎక్కువ. రేకుల కప్పు కింద, మేడ మీద గదిలో ఉంచొద్దు. కింది అంతస్తులో ఎండ తగలని గది చూద్దాం. చాలామంది గూడు చుట్టూ తడి గోనెపట్టాలు కడతారు. లోపలి పొడి ప్రాంతాల్లో అది బాగానే పనిచేస్తుంది, ఇక్కడ గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి తడి ఆరదు, గూడు చెమ్మగిల్లి చర్మానికి బూజు తెగులు వస్తుంది. దానికి బదులు గూట్లో ఒక నాపరాయి పలక వేద్దాం. గడ్డకట్టిన నీళ్ల సీసాకు బట్ట చుట్టి ఒక పక్కన పెడదాం. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. ఫ్యాను గదిలో తిరగాలి గానీ నేరుగా దాని మీదికి కాదు. పక్కకు ఒరిగి పడి, నోరు తెరిచి రొప్పుతుంటే వడదెబ్బే. చల్లని (ఐసు నీళ్లు కాదు) నీటితో పాదాలు, చెవులు తడిపి వెంటనే బయలుదేరాలి.

7. వారానికోసారి ఒళ్లంతా చూద్దాం. జత ఉన్నప్పుడు ఒకదాని ముఖం ఇంకొకటి నాకేది. ఇప్పుడు ఆ పని మనది. తడిగుడ్డతో కళ్ల మూలలు తుడుద్దాం. ముందుపళ్లు సమంగా ఉన్నాయా, గడ్డం కింద తడిగా ఉందా చూద్దాం. తడి ఉంటే లోపలి దవడపళ్లు పెరిగి నాలుకకు అడ్డుపడుతున్నాయేమోనని అనుమానించాలి. పాదాల అడుగు ఎర్రబడితే పరుపు ఇంకా మెత్తగా, ఇంకా పొడిగా ఉండాలి. ఆడదానికి రెండు డొక్కల్లోనూ ఒకేలా బొచ్చు రాలితే అండాశయాల్లో నీటితిత్తులు ఉండవచ్చు. ముసలి మగవాటికి మలద్వారం దగ్గర మెత్తని పెంటికలు ఇరుక్కుంటాయి. వాటిని గోరువెచ్చని నీరు, కొబ్బరినూనెతో మెల్లగా తీయడం డాక్టరు దగ్గర ఒక్కసారి చూసి నేర్చుకుంటే ఇంట్లో చేసుకోవచ్చు.

8. మన తోడు ఇద్దాం. రోజూ ఒకే వేళకు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, గూడు పక్కన నేలమీద కూర్చుందాం. ఎత్తుకోవాలని ఆత్రపడొద్దు. చేతిలో కొత్తిమీర కాడ పట్టుకుని మెల్లగా మాట్లాడితే చాలు. గూటిని ఇంట్లో వాళ్లు తిరిగే గదిలో, కుక్కకు పిల్లికి అందని చోట పెడదాం. ఖాళీ అయిన చోటులో పాత లుంగీని ఉండలా చుట్టి పెడితే కొన్ని దానికి ఆనుకుని పడుకుంటాయి.

9. కొత్త తోడు తేవాలా అన్నది ఇవన్నీ కుదురుకున్నాక ఆలోచిద్దాం. గినీ పిగ్ గుంపులో బతికే జీవి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి దాన్ని ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం. అక్కడ ముసలిది మిగిలితే అది బతికినన్నాళ్లకూ ఇంకోదాన్ని అద్దెకు తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. ఎందుకంటే చిన్నదాన్ని కొంటే ముసలిది పోయాక అదీ ఒంటరిదవుతుంది, మళ్లీ ఇంకోటి కొనాలి. మనకు అద్దె ఏర్పాటు లేదు. ఊళ్లో ఇంకొకరి దగ్గర కూడా ఒంటరి ముసలిది ఉంటే రెండిళ్లవాళ్లూ మాట్లాడుకుని రెండింటినీ ఒకచోట చేర్చడమే నాకు అన్నిటికన్నా మంచిదనిపిస్తుంది. వచ్చినదాన్ని మూడు వారాలు వేరే గదిలో ఉంచి, పేలు, బూజు తెగులు లేవని తేలాక, రెండింటిదీ కాని కొత్త చోట, రెండు ద్వారాలున్న రెండు పెట్టెలు పెట్టి కలుపుదాం. పళ్లు టకటకలాడించడం హెచ్చరిక, కాసేపు చూద్దాం. రక్తం వచ్చేలా కరిస్తే విడదీయాలి. ఒట్టి చేతులతో మధ్యలోకి వెళ్లకుండా తువాలు వేసి విడదీద్దాం. మనది మరీ బలహీనంగా ఉంటే, బరువు తగ్గుతూ ఉంటే, తోడు తేవద్దు. మిగిలిన రోజులు మన తోడుతోనే గడవనిద్దాం.

తరచూ జరిగే పొరపాట్లు

కుందేలును తోడు పెట్టడం. దుకాణాల్లో ఈ సలహా ఇస్తుంటారు. కుందేలు వెనక కాలి తాపుకు ముసలిదాని ఎముక విరుగుతుంది. కుందేలుకు ఏమీ చేయని బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి దీనికి న్యుమోనియా తెస్తుంది.

ఆడదానికి మగదాన్ని జత చేయడం. ముసలితనంలో మొదటి చూలు ప్రాణాంతకం. మగదానికి మూడు వారాల వయసుకే జత కట్టే శక్తి వస్తుంది కాబట్టి "చిన్నదే కదా" అనుకోవద్దు.

పరుపుగా ఊక, రంపపు పొట్టు వేయడం. ఊక మొనలు కంట్లో గుచ్చుకుంటాయి, పొట్టు దుమ్ము ఊపిరికి చేటు.

బెంగ తీర్చాలని బిస్కెట్లు, జీడిపప్పు, అన్నం, అరటిపండు పెట్టడం. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, చామాకు, టమాటా ఆకులు అసలే వద్దు. మునగాకు, పాలకూర రోజూ పెడితే మూత్రంలో రాళ్లకు దారితీయవచ్చు.

విటమిన్ సి చుక్కలను తాగే నీళ్లలో కలపడం. నీళ్లలో ఆ విటమిన్ త్వరగా పోతుంది, రుచి మారి తాగడమే మానేస్తుంది.

డాక్టరును ముందే వెతికిపెట్టుకోకపోవడం. పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలు, కోళ్లు. గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉంది. దూరమైనా విశాఖపట్నంలో పెంపుడు జంతువుల క్లినిక్కులు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఫోన్ చేసి "గినీ పిగ్‌లను చూస్తారా?" అని అడిగి, అవునన్నవారి నంబరు గూటి మీద అంటిద్దాం. తీసుకెళ్లేటప్పుడు తెల్లవారుజామున బయలుదేరి, గాలి ఆడే బుట్టలో దాని పాత బట్ట, గరిక వేసి, తూకం పుస్తకం వెంట పట్టుకెళ్దాం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మందుల షాపులో అడిగి ఇంట్లోనే మాత్ర వేయడం. మనుషులకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి మందులు నోటితో ఇస్తే గినీ పిగ్ కడుపులోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి కొద్దిరోజుల్లో ప్రాణం పోతుంది. డాక్టరు చీటీ రాసినా సరే, "సార్, ఇది పెన్సిలిన్ జాతి మందు కాదు కదా?" అని ఒక్కసారి అడిగాకే కొనాలి.