ఫొటో కదలదు, పేరే మారుతుంది: ఆండ్రాయిడ్‌లో జీరో కాపీ ఎలా పనిచేస్తుంది?

మా బాన్సువాడ వైపు యాసంగి వడ్లు కాంటా అయ్యాక చేతికి ఒక చిట్టీ ఇస్తారు. నాన్న వాటిని జేబులో పెట్టుకుని పోగొట్టుకుంటాడని, ఫొటో తీస్తే బస్తాలు, బరువు చదివి రాసుకునే చిన్న యాప్ చేశాను. నా దగ్గర బాగానే నడిచింది. నాన్న ఫోన్‌లో వేసిన రెండో రోజే కాల్: "ఏందిరా, ఫొటో దిగంగనే బంద్ అయితుంది!"

లాగ్‌లో కనిపించిన ఎర్రర్ ట్రాన్సాక్షన్ టూ లార్జ్ ఎక్సెప్షన్. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లకి ఇది ఎప్పుడో ఒకసారి తగులుతుంది. దీని వెనుక సంగతి తెలిస్తే మీ ఫోన్ 4కే వీడియోని ఎలా తట్టుకుంటుందో కూడా అర్థమవుతుంది.

నా యాప్‌లో రెండు ప్రాసెస్‌లు ఉన్నాయి. ఒకటి కెమెరా స్క్రీన్, రెండోది అంకెలు చదివే సర్వీస్. (చదివేది క్రాష్ అయినా స్క్రీన్ పోకూడదని విడగొట్టాను.) ఒక ప్రాసెస్ మెమరీని ఇంకోటి చూడలేదు, కాబట్టి ఫొటో కెర్నల్ ద్వారానే వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో ఆ పని బైండర్ డ్రైవర్‌ది. మామూలు పైప్ అయితే పంపేవాడి నుంచి కెర్నల్‌కి, అక్కడి నుంచి అందుకునేవాడికి, రెండుసార్లు కాపీ జరుగుతుంది. బైండర్ మాత్రం అందుకునే ప్రాసెస్‌లో ముందే మ్యాప్ చేసి ఉంచిన బఫర్‌లోకి నేరుగా ఒక్కసారే కాపీ చేస్తుంది. కానీ ఆ బఫర్ సుమారు 1 ఎంబీ. అదీ ఆ ప్రాసెస్‌లో అప్పుడు నడుస్తున్న ట్రాన్సాక్షన్లన్నిటికీ కలిపి. నేను టెస్ట్ చేసిన 640×480 బ్లాక్ అండ్ వైట్ ఫొటో 3,07,200 బైట్లు. చిన్న అంకెలు కనపడట్లేదని నాన్న ఫోన్‌కి 1600×1200 పెట్టాను, అంటే 19,20,000 బైట్లు. మళ్లీ టెస్ట్ చేయకపోవడం నా తప్పే.

మరి కాపీ లేకుండా పంపేదెలా? పొలం అమ్మితే మట్టి తవ్వి ట్రాక్టర్‌లో కొన్నవాళ్ల ఊరికి తోలం కదా. రికార్డులో పేరు మారుతుంది, అంతే. మెమరీకి కూడా అలాంటి రికార్డు ఉంది, దాని పేరు పేజ్ టేబుల్. ర్యామ్ సాధారణంగా 4 కేబీ పేజీలుగా ఉంటుంది. ఏ ప్రాసెస్ చూసే ఏ అడ్రస్ ఏ అసలు పేజీకి చెందుతుందో ఈ టేబుల్ చెబుతుంది. కెర్నల్ రెండో ప్రాసెస్ టేబుల్‌లో ఎంట్రీ రాస్తే చాలు, ఒక్క బైట్ కూడా కదలకుండా డేటా అక్కడ కనిపిస్తుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. 1980లలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో తయారైన మాక్ కెర్నల్ పెద్ద మెసేజ్‌లని ఇలాగే పేజీల మ్యాపింగ్ మార్చి పంపేది. ఐఫోన్ కెర్నల్‌లో ఇప్పటికీ ఆ మాక్ భాగం ఉంది. లైనక్స్‌లో డీఎంఏ-బఫ్ 2012లో 3.3 వెర్షన్‌తో వచ్చింది. కెమెరా, జీపీయూ, డిస్‌ప్లే ఒకే బఫర్‌ని పంచుకోవడానికి ఇదే దారి. దీని విలువ ఒక లెక్కలో తెలుస్తుంది. 4కే ఫ్రేమ్ మామూలు 8 బిట్ వైయూవీ ఫార్మాట్‌లో సుమారు 12.4 ఎంబీ. 60 ఫ్రేమ్‌లకి సెకనుకి దాదాపు 746 ఎంబీ. ఒక్క కాపీ అంటే చదవడం, రాయడం రెండూ కాబట్టి ర్యామ్ మీద దాదాపు 1.5 జీబీ భారం. దారిలో మూడు కాపీలు పడితే బ్యాటరీ, వేడి సంగతి మీరే ఊహించుకోండి. రివ్యూల్లో మెగాపిక్సెల్స్ గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడరు, అదే నాకు చిరాకు.

నా యాప్‌లో ఆండ్రాయిడ్ 8.1 నుంచి ఉన్న షేర్డ్ మెమరీ క్లాస్ వాడాను. ఫొటో అందులో పెట్టి, బైండర్ ద్వారా ఫైల్ డిస్క్రిప్టర్ మాత్రం పంపాను. క్రాష్ పోయింది. వారం తర్వాత అంతకంటే ఘోరమైన బగ్ బయటపడింది. నాన్న వరుసగా రెండు చిట్టీలు ఫొటో తీస్తే, మొదటి చిట్టీ బస్తాలు, రెండో చిట్టీ బరువు కలిపి ఒకే రికార్డుగా వచ్చింది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు. డబ్బుల లెక్క తప్పేది, నాన్న కాగితంతో సరిచూడబట్టి దొరికింది.

కారణం: బఫర్‌ని మళ్లీ మళ్లీ వాడుతున్నాను. సర్వీస్ ఇంకా చదువుతుండగానే కెమెరా అదే పేజీల్లో కొత్త ఫొటో రాసేసింది. పొలం అమ్మాక కూడా పాత యజమాని వెళ్లి దున్నినట్టు! కాపీ చేసినప్పుడు అందుకున్నవాడి దగ్గర సొంత ప్రతి ఉంటుంది కాబట్టి ఈ గొడవ రాదు. కెమెరా, డిస్‌ప్లే మధ్య ఇందుకే ఫెన్స్‌లు ఉంటాయి: ముందువాడి పని అయిందన్న సిగ్నల్ వచ్చేదాకా తర్వాతివాడు ముట్టుకోడు. నేను ఫొటోకో కొత్త షేర్డ్ మెమరీ తీసుకుని, పంపగానే నా వైపు మ్యాపింగ్ తీసేసి క్లోజ్ చేశాను. రిసీవర్ రాయకుండా పంపేముందే రీడ్ ఓన్లీ కూడా చేశాను.

అలాగని అన్నిటికీ ఇదే వాడకండి. మ్యాపింగ్ తీసేసినప్పుడల్లా సీపీయూ కోర్లు గుర్తుంచుకున్న పాత అడ్రస్‌లని, అంటే టీఎల్‌బీ ఎంట్రీలని, చెరిపేయాలి. చిన్న డేటాకి ఆ ఖర్చు కంటే కాపీయే చవక. సర్వీస్ నుంచి తిరిగొచ్చే బస్తాలు, బరువు అంకెలు ఇప్పటికీ మామూలు బైండర్ కాల్‌లోనే వస్తున్నాయి.