పెన్షన్ చాలకపోతే థాయ్ రిటైర్మెంట్ వీసా రాదా?

ప్రశ్న: నా వయసు 61. పెన్షన్ నెలకు 84 వేల రూపాయలు. థాయిలాండ్‌లో ఉండాలని కోరిక. నెలకు 65 వేల బాట్ ఆదాయం ఉండాలంటున్నారు. నాకు దారి లేనట్టేనా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉందండీ, నిరాశపడకండి. 50 ఏళ్లు నిండినవారికిచ్చే ఈ వీసాకు నెలకు 65 వేల బాట్ ఆదాయమైనా చూపొచ్చు, 8 లక్షల బాట్ డిపాజిట్టయినా చూపొచ్చు. రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలకు తగ్గకపోయినా చాలు. మీకు పనికొచ్చేది ఈ మూడోదే.

బాట్ 2.80 రూపాయలనుకుంటే మీ పెన్షన్ నెలకు 30 వేల బాట్, ఏడాదికి 3.6 లక్షలు. తక్కువపడే 4.4 లక్షల బాట్‌కు సుమారు 12.32 లక్షల రూపాయల డిపాజిట్ కావాలి. మారకం రేటు నిలకడగా ఉండదు కాబట్టి ఇంకో లక్షో రెండు లక్షలో అదనంగా ఉంచడమే క్షేమం.

ఇండియా నుంచే ఓ-ఏ రకం రిటైర్మెంట్ వీసాకు దరఖాస్తు చేస్తే ఆరోగ్య బీమా తప్పనిసరి. 30 లక్షల బాట్ కవరేజీ అడుగుతారు. ఈ వయసులో ప్రీమియం బరువే, ముందే కనుక్కోండి.

అక్కడికెళ్లాక ఏటా పొడిగింపు ఉంటుంది. అప్పుడు 8 లక్షల డిపాజిట్ దారి ఎంచుకుంటే సొమ్ము థాయ్ బ్యాంకులో, మీ ఒక్కరి పేరిటే, దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఉండాలి. ఆమోదం వచ్చాక మరో మూడు నెలలు ముట్టుకోకూడదు. తర్వాత కూడా నిల్వ 4 లక్షలకు తగ్గకూడదు. అందుకే ఇంటి అద్దెకూ వైద్యానికీ వేరే ఖాతా పెట్టుకోండి.