వేడిని పుట్టించడం కాదు, పోనీయకపోవడం: చలిగాలుల వేళ ఇంట్లో సైన్సు

డిసెంబరు సగం దాటిందంటే ఆదిలాబాద్ వైపు ఇళ్లలో తెల్లవారుజామున కొన్ని వింతలు ఒకేసారి కనిపిస్తాయి. కొబ్బరినూనె సీసాలోనే గట్టిపడి ఎంత వంచినా బయటికి రాదు. రాత్రి తోడు పెట్టిన పాలు పొద్దున్నకి కూడా పాలలాగే ఉంటాయి. ఇడ్లీ పిండి పొంగదు. స్టీలు చెంబు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. ఇంట్లో పెద్దాయన మూత్రానికని రాత్రి మూడు నాలుగు సార్లు లేస్తారు.

ఇవన్నీ వేర్వేరు ఇబ్బందుల్లా అనిపిస్తాయి. కానీ వీటన్నిటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే: వేడి ఎప్పుడూ వెచ్చటి చోటు నుంచి చల్లటి చోటికే పోతుంది. ఈ ఒక్క విషయం బాగా అర్థమైతే చలి రోజుల్లో ఇంట్లో ఏం చేయాలో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఏం చేయకూడదో తెలుస్తుంది. ఎందుకంటే చలికి తాళలేక మనం చేసే పనుల్లో ఒకటి, తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం, చలికన్నా ఎంతో ప్రమాదకరం.

చలిగాలులు అని ఎప్పుడంటారు?

చలి ఎక్కువగా ఉన్న ప్రతి రోజునూ వాతావరణ శాఖ చలిగాలుల రోజుగా లెక్కించదు. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకన్నా తక్కువగా ఉండాలి. ఆ రోజుకు ఉండవలసిన సాధారణ ఉష్ణోగ్రత కన్నా అది 4.5 నుంచి 6.4 డిగ్రీలు తగ్గితే చలిగాలులు వీస్తున్నట్టు. తేడా 6.4 డిగ్రీలు దాటితే తీవ్ర చలిగాలులు. సాధారణంతో పోలిక లేకుండానే, కనిష్ఠ ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు దిగితే చలిగాలులుగా, 2 డిగ్రీలకు దిగితే తీవ్ర చలిగాలులుగా ప్రకటిస్తారు.

సాధారణంతో పోల్చడానికి కారణం ఉంది. పంజాబ్‌లో జనం అలవాటు పడిన చలి విజయవాడలో ఇళ్లకూ, ఒళ్లకూ కొత్త. మన ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి. గాలి ఆడే కిటికీలు, చల్లటి గచ్చు నేల వేసవిలో కొంత పనికొచ్చినా చలికాలంలో ఇంటి వేడిని నిలవనీయవు.

ఉత్తరం నుంచి పొడి గాలులు దక్కను పీఠభూమి మీదికి వీచినప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పగలంతా ఎండకు వేడెక్కిన నేల, రాత్రి ఆ వేడిని పరారుణ కిరణాల రూపంలో ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బులుంటే దుప్పటిలా ఆ వేడిలో కొంత వెనక్కి పంపేవి. మబ్బు లేని పొడవాటి రాత్రిలో ఆ అవకాశం లేదు. అందుకే చలి సూర్యోదయానికి కాస్త ముందూ వెనకా అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. చల్లటి గాలి బరువెక్కువ కాబట్టి లోయల్లోకి జారి అక్కడే నిలుస్తుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున కొండల నడుమ ఉన్న లంబసింగిలో చలి అంతగా వణికించడానికి ఎత్తుతో పాటు ఇదీ ఒక కారణం.

వంటింట్లో కనిపించే ఉష్ణోగ్రత

కొబ్బరినూనె సుమారు 24, 25 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా చల్లబడితే గడ్డకడుతుంది. అంటే ఆ సీసా ఖర్చు లేని ఉష్ణమాపకం లాంటిది. గడ్డకట్టిన నూనె పాడైనట్టు కాదు, కల్తీ అయినట్టూ కాదు. గోరువెచ్చటి నీళ్లలో సీసా ఉంచితే మళ్లీ కరుగుతుంది.

పెరుగు తోడుకోవాలంటే బ్యాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చాలి. వెచ్చగా ఉంటే ఆ పని గంటల్లో అయిపోతుంది. చలికి బ్యాక్టీరియా చచ్చిపోదు, మందగిస్తుంది. ఇడ్లీ పిండి పులవకపోవడానికీ ఇదే కారణం. తోడు పెట్టిన గిన్నెను మన ఇళ్లలో బియ్యం డబ్బాలో పెట్టడం లేదా పాత దుప్పటి చుట్టి ఉంచడం అలవాటు. బియ్యం గిన్నెకు వేడినివ్వదు. గింజల మధ్య చిక్కుకున్న గాలి, గోరువెచ్చటి పాలలో అప్పటికే ఉన్న వేడిని త్వరగా పోనీయదు. చలిని ఎదుర్కొనే ఉపాయం అంతా ఈ బియ్యం డబ్బాలోనే ఉంది.

కశ్మీర్‌లోనూ ఇదే ఉపాయం కనిపిస్తుంది. డిసెంబరు 21న మొదలై 40 రోజులు సాగే ‘చిల్లై కలాన్’ వేళ అక్కడ నీటి గొట్టాలు గడ్డకడతాయి. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి గొట్టం పగిలిపోతుంది. అందుకే గొట్టాలకు గుడ్డలో గోనె పట్టాలో చుట్టి కాపాడుకుంటారు.

వంటగ్యాసు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సిలిండర్‌లో ప్రొపేన్, బ్యూటేన్ ద్రవరూపంలో ఉంటాయి. ద్రవం ఆవిరైతేనే పొయ్యి మండుతుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ మాత్రం మైనస్ 0.5 డిగ్రీల దగ్గర. ముందుగా ఆవిరయ్యేది ఎక్కువగా ప్రొపేనే కాబట్టి, సిలిండర్ అయిపోవస్తున్న రోజుల్లో చలి తోడైతే ఒత్తిడి తగ్గి మంట నీరసిస్తుంది. అప్పుడు సిలిండర్‌ను మంట దగ్గర పెట్టడం, వేడినీళ్లు పోయడం, అడ్డంగా పడుకోబెట్టడం ఏవీ చేయకూడదు. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చే ప్రమాదం ఉంది.

మనిషే ఒక పొయ్యి

ఊరికే కూర్చున్నా మన శరీరం సుమారు 80 నుంచి 100 వాట్ల వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. పాతకాలపు వంద వాట్ల బల్బు ఎంత వేడినిచ్చేదో అంత. కాబట్టి ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ ఒక చిన్న పొయ్యే. దుప్పటి, స్వెటర్, గొంగడి ఏవీ స్వయంగా వేడినివ్వవు. వాటి పోగుల మధ్య నిలిచిన గాలి, ఒంటి వేడి బయటికి పోకుండా అడ్డుపడుతుంది. ఒక మందపాటి చొక్కా కన్నా రెండు పలచటి చొక్కాలు ఒకదానిపై ఒకటి వేసుకుంటే వెచ్చగా ఉండటానికి కారణం వాటి నడుమ ఉన్న గాలి పొరే.

అదే బట్ట తడిస్తే కథ మారిపోతుంది. కదలని గాలి కన్నా నీరు 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. తడిసిన సాక్సులు, చెమట పట్టిన బనియను, పక్క తడిపిన పిల్లల బట్టలు వెంటనే మార్చాలనేది అందుకే.

చాలామంది పైన రెండు రగ్గులు కప్పుకుని, కింద ఒక చాప మాత్రం వేసుకుంటారు. గచ్చు నేల రాత్రంతా ఒంట్లోని వేడిని లాగుతూనే ఉంటుంది. రెండో రగ్గును కప్పుకునే బదులు కింద పరుచుకుంటే తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

చలి తగలగానే శరీరం చర్మం దగ్గరి రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, రక్తాన్ని లోపలి అవయవాల వైపు మళ్లిస్తుంది. అందుకే ముందు వేళ్లు, ముక్కు, చెవులు చల్లబడతాయి. లోపల రక్తం ఎక్కువైనట్టు భావించి మూత్రపిండాలు నీటిని బయటికి పంపుతాయి. పెద్దాయన రాత్రి మాటిమాటికీ లేవడానికి ఇదొక కారణం. పైగా చలికి దాహం తెలియదు. కాబట్టి నీళ్లు తాగడం మానకూడదు.

నాళాలు ముడుచుకుంటే రక్తపోటు పెరుగుతుంది, గుండెకు పని ఎక్కువవుతుంది. చలికాలంలో గుండెపోటు, పక్షవాతం పెరగడానికి ఇది ముఖ్య కారణం. బీపీ, గుండె జబ్బు ఉన్నవారు నడకను ఎండ వచ్చాకే పెట్టుకోవడం మేలు. మద్యం తాగితే వెచ్చగా అనిపించేది చర్మం దగ్గరి నాళాలు తెరుచుకోవడం వల్ల. నిజానికి అప్పుడు ఒంట్లో వేడి మరింత త్వరగా బయటికి పోతుంది.

పసివాళ్లూ, ముసలివాళ్లూ

అప్పుడే పుట్టిన బిడ్డ చలికి పెద్దవాళ్లలా వణకలేదు. మెడ దగ్గర, భుజాల మధ్య ఉండే ఒక ప్రత్యేకమైన గోధుమరంగు కొవ్వును కరిగించి వేడి పుట్టించుకుంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఆ కొవ్వు తక్కువ. బరువుతో పోలిస్తే బిడ్డ ఒంటి వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. దీనికి మంచి మందు తల్లి ఒడే. బిడ్డను తల్లి రొమ్ముకు చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే ‘కంగారూ మదర్ కేర్’ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో మొదలై, ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ అమలవుతోంది. తల్లికి వీలు కాకపోతే తండ్రి గాని, అమ్మమ్మ గాని అలా ఎత్తుకోవచ్చు. పుట్టిన 24 గంటల దాకా బిడ్డకు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వయసు మళ్లినవారికి చలి తెలిసే శక్తి, వణికే శక్తి రెండూ తగ్గుతాయి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. మాట ముద్దగా రావడం, మగతగా ఉండటం, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పడం దాని గుర్తులు. వణుకు ఆగిపోవడం కుదుటపడిన లక్షణం కాకపోవచ్చు. శరీరం ఓడిపోతున్న లక్షణం కావచ్చు. తడి బట్టలు తీసి, ఛాతీనీ పొట్టనూ ముందుగా కప్పి, తెలివిలో ఉంటే వెచ్చటి తీపి పానీయం పట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు.

నివురుగప్పిన నిప్పు

ఇక కుంపటి సంగతి. ఉత్తర భారతంలో దాదాపు ప్రతి చలికాలం, రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవలేదన్న వార్తలు వస్తూనే ఉంటాయి. చలి పెరిగినప్పుడు మన దగ్గరా ఆ ముప్పు తప్పదు.

కట్టెల మంట పొగ చిమ్ముతుంది. కళ్లు మండి మనమే తలుపు తీస్తాం. బాగా రాజుకున్న బొగ్గులు పొగ రానీయవు. ‘పొగ లేదు కదా, ఏం కాదు’ అనుకోవడమే ఇక్కడి పొరపాటు. మూసిన గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ బొగ్గు పూర్తిగా మండదు. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు.

తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం దీని తొలి లక్షణాలు. మేలుకుని ఉన్నవారు వీటిని గుర్తించి బయటికి రావచ్చు. నిద్రలో ఉన్నవారికి ఆ అవకాశం లేదు. గదిలో బకెట్ నీళ్లు పెడితే విషవాయువును పీల్చుకుంటాయని కొందరి నమ్మకం. కార్బన్ మోనాక్సైడ్ నీటిలో కరిగేది అత్యల్పం, కాబట్టి ఆ బకెట్ ఎవరినీ కాపాడదు. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌నూ నమ్మలేం. మామూలు ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కగట్టి, అంతా బాగానే ఉన్నట్టు చూపిస్తుంది.

ఎవరైనా అలా పడిపోయి కనిపిస్తే ముందు తలుపులూ కిటికీలూ తెరిచి, వారిని ఆరుబయటికి చేర్చి 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో ఈ వాయువు రక్తం నుంచి సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. అందుకే ‘కాస్త తేరుకున్నారు’ అని ఇంట్లోనే ఉంచేయకూడదు.

ఇంజను ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసి కారులో పడుకోవడం, గాలి ఆడని స్నానాల గదిలో గ్యాసు గీజర్ వాడటం కూడా ఈ కోవలోవే. నీళ్లు కాచే కరెంటు రాడ్‌తో ఈ వాయువు రాదు గాని షాక్ కొట్టవచ్చు. స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లు ముట్టుకోవాలి.

పడుకోబోయే ముందు

వీటన్నిటి సారం ఒక్కటే. గదిని వేడెక్కించడం కన్నా ఒంటి వేడిని నిలుపుకోవడం సులువు, చవక, క్షేమం. కింద ఒక రగ్గు, ఒంటిమీద పొడి బట్టలు రెండు పొరలు, తలకు ఒక మఫ్లర్, కాళ్లకు సాక్సులు. సాయంత్రమే పడమటి ఎండ పోకముందు కిటికీలు మూసి, పగటి వేడిని లోపల నిలపడం. రాత్రి భోజనం వేడివేడిగా తినడం. చలిమంట కావాలంటే ఆరుబయట, కొంగూ శాలువా జారకుండా చూసుకుని వేసుకోవడం. కుంపటి లోపల వెలిగించినా తలుపు తెరిచి ఉంచడం, నిద్రకు ముందు దాన్ని బయట పెట్టేయడం.

శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్లిపోతుందని మనవాళ్ల మాట. అందాకా బియ్యం డబ్బాలోని పెరుగు గిన్నెను గుర్తుంచుకుంటే చాలు. దాని కింద నిప్పు లేదు, అయినా అందులో వేడి నిలిచింది.