పిల్లల డిప్రెషన్‌లో పోషకాహారం పాత్ర

సమస్య: ఎనిమిదో తరగతి చదివే పదమూడేళ్ల అమ్మాయి రెండు నెలలుగా ముభావంగా ఉంటోంది. చిన్న మాటకే చిరాకు. ఇష్టంగా వేసే బొమ్మలూ మానేసింది. పొద్దున టీ తాగి బడికి వెళ్తుంది. మధ్యాహ్నం బాక్సు సగం అలాగే తిరిగొస్తుంది. సాయంత్రం చిప్సు, నూడుల్సు. ఇంటిల్లిపాదీ శాకాహారులే. ఇదంతా తిండి లోపమేనా? విటమిన్ మాత్రలు వేస్తే తగ్గుతుందా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

సలహా: పిల్లల డిప్రెషన్‌కు తిండి ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, ఇంట్లో గొడవలు, బడిలో వేధింపులు, నిద్రలేమి వంటివెన్నో కలిసి దానికి దారితీస్తాయి. పోషకాల లోపం దాన్ని పెంచగలదు. ఒక్కోసారి అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తుంది కూడా.

ఈ పోషకాల్లో ముఖ్యమైనది ఇనుము. మనసు స్థితిని ప్రభావితం చేసే డోపమిన్, సెరటోనిన్ తయారు కావడానికి మెదడుకు ఇనుము అవసరం. నెలసరి మొదలైన ఆడపిల్లల్లో దాని నిల్వలు త్వరగా తరుగుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. గుడ్డు, మాంసం తినని ఇళ్లలో విటమిన్ బి12కు పాలు, పెరుగే ప్రధాన ఆధారం. బి12 తగ్గితే నీరసం, చిరాకు, మతిమరుపు వస్తాయి.

తిండి లోపం దిగులును పెంచినట్టే, దిగులు కూడా ఆకలిని చంపుతుంది. అందుకే తినని పిల్లను మొండిదని తిట్టడం అన్యాయం.

ముందుగా పిల్లల వైద్యుల సలహాతో హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఇనుము నిల్వలు), బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఈ వయసులో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే. మాత్రలు, వాటి మోతాదు వైద్యులే నిర్ణయించాలి. పొద్దున పెసరట్టు గానీ ఇడ్లీ సాంబారు గానీ, రోజూ పాలు లేదా పెరుగు, సాయంత్రం నువ్వులుండ, జామకాయ పెట్టవచ్చు. తోటకూర పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది కనుక రెంటికీ మధ్య గంటైనా ఎడం ఉండాలి.

దిగులు రెండు వారాలు దాటితే రక్తపరీక్షల ఫలితం ఎలా ఉన్నా మానసిక వైద్యులకు చూపించాలి. ఈ అమ్మాయి విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది. మంచి తిండి చికిత్సకు తోడే తప్ప కౌన్సెలింగ్‌కు ప్రత్యామ్నాయం కాదు. చనిపోవాలనుందన్న మాట వినిపిస్తే బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416లో ఏ వేళలోనైనా తెలుగులో సలహా దొరుకుతుంది.