ర్యాక్ డిస్కులు - వాటిలోని సమాచారాన్ని చెరిపే విధానం

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమ ప్రజలు ఇళ్ళనూ, పశువులనూ, అయినవాళ్ళనూ పోగొట్టుకున్నారు. వాటితో పాటు పట్టాలు, సర్టిఫికెట్లు కూడా పోయాయి. కాగితం మీది రాత నీటికి నిలవదు. హార్డ్ డిస్కు సంగతి వేరు. దాని లోపలి పళ్ళెం మీద రాత అయస్కాంత రూపంలో ఉంటుంది. ఉప్పునీళ్ళలో మునిగితే మోటారు, సర్క్యూటు బోర్డు చెడిపోవచ్చు గాని పళ్ళెం మీది సమాచారం చాలావరకు అలాగే ఉంటుంది. 2003లో కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా వ్యోమనౌక ఆకాశంలోనే ముక్కలై పడిపోయినప్పుడు, శిథిలాల్లో దొరికిన ఒక కాలిన హార్డ్ డిస్కు నుంచి నిపుణులు దాదాపు 99 శాతం సమాచారం బయటికి తీశారు. అంటే డిస్కులో రాసింది పోగొట్టుకోవడం ఎంత తేలికో, కావాలని పోగొట్టడం అంత కష్టం. ఈ రెండో సంగతి మన పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించదు.

1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మన బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన రోజుల్లో ఖాతాదారు సమాచారమంతా లెడ్జరులోనే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయ్యేనాటికి బ్యాంకులన్నీ డేటా సెంటర్ల మీద నడుస్తున్నాయి. డేటా సెంటరులో బీరువా లాంటి ఇనుప చట్రాలు ఉంటాయి. వీటినే ర్యాక్‌లు అంటారు. వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును 'యు' అనే కొలతతో చెబుతారు, ఒక యు అంటే 1.75 అంగుళాలు. మామూలు ర్యాక్ 42 యు ఉంటుంది. 2 యు ఎత్తున్న పెట్టెలో ముందువైపు 12 పెద్ద డిస్కులు గాని 24 చిన్న డిస్కులు గాని పడతాయి. మెషీన్ ఆపకుండానే సొరుగు లాగినట్లు ఒక డిస్కు తీసి ఇంకొకటి పెట్టవచ్చు.

ఒక డిస్కు పాడైనా పని ఆగకుండా ఉండటానికి 'రెయిడ్' అనే పద్ధతి వాడతారు. దీన్ని చిన్న లెక్కతో చూద్దాం. మూడు డిస్కుల్లో వరుసగా 1, 0, 1 ఉన్నాయి. 1ల సంఖ్య సరిసంఖ్యగా ఉండాలని నియమం. ఇక్కడ 1లు రెండు, కనుక నాలుగో డిస్కులో 0 రాస్తాం. రెండో డిస్కు కాలిపోయిందనుకోండి. మిగిలినవి 1, 1, 0. ఇప్పటికే 1లు రెండు ఉన్నాయి, కాబట్టి పోయింది 0 అని తేలిపోతుంది. ఇదే రెయిడ్ 5. అయితే ఈ లెక్క అంకెలను ఒకే డిస్కులో పెట్టకుండా అన్నింటికీ పంచుతారు. 4 టెరాబైట్ల డిస్కులు 8 ఉంటే వాడుకోవడానికి 28 టెరాబైట్లు మిగులుతాయి. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6లో 24. ఇంటర్వ్యూల్లో తప్పక అడిగే ప్రశ్న ఇది.

ఇక్కడే ఒక అపోహ ఉంది. సమాచారం 8 డిస్కుల్లో ముక్కలుగా ఉంది కదా, పాడైన ఒక్క డిస్కు బయటికి పోతే ఏమవుతుంది అనుకుంటారు. ఆ ముక్క తక్కువలో తక్కువ 64 కిలోబైట్లు, అనగా 65,536 బైట్లు అనుకుందాం. ఒక విద్యార్థి పేరు, కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా నంబరు కలిపి 200 బైట్లు అనుకుంటే ఒక్క ముక్కలోనే 327 మంది వివరాలు పడతాయి! మన హాస్టలు లాంటి హాస్టలు మొత్తం అందులో ఇమిడిపోతుంది. పైగా పాడైన డిస్కును వారంటీ కింద కంపెనీకి తిరిగి పంపడం మామూలు. అందుకే కొన్ని సంస్థలు అదనపు డబ్బు కట్టి పాడైన డిస్కును తమ దగ్గరే ఉంచుకునే ఒప్పందం చేసుకుంటాయి.

ఇక చెరపడం. ఫైలును డిలీట్ చేస్తే విషయసూచికలో పేరు కొట్టేసినట్లే, పాఠం పుస్తకంలోనే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ కూడా అంతే. డిస్కు అంతటా సున్నాలు రాస్తేనే పాత రాత పోతుంది. 4 టెరాబైట్ల డిస్కులో సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున రాస్తే సుమారు ఏడున్నర గంటలు పడుతుంది. ఏడుసార్లు రాయాలని పాత పుస్తకాల్లో ఉంటుంది గాని, నేటి హార్డ్ డిస్కుకు ఒక్కసారి చాలు. ఎస్.ఎస్.డి.కి మాత్రం ఈ పద్ధతి సరిపోదు. అది అరుగుదల సమానంగా ఉండేందుకు రాసిన చోటే మళ్ళీ రాయకుండా చోట్లు మారుస్తూ ఉంటుంది, కొంత చోటును మనకు కనపడనివ్వదు కూడా. కనుక డిస్కు తయారీదారు లోపలే పెట్టిన శానిటైజ్ ఆదేశం వాడాలి. అయస్కాంతంతో చెరిపే యంత్రం ఎస్.ఎస్.డి. మీద పనిచేయదు, ఎందుకంటే అందులో రాత అయస్కాంతం కాదు, విద్యుదావేశం. అసలు తిరగని, పాడైపోయిన డిస్కుకు సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. దాన్ని ముక్కలు చేయించాల్సిందే.

అన్నింటికన్నా మేలైన మార్గం మొదటి రోజు నుంచే సమాచారాన్ని సంకేత రూపంలో రాయడం. అప్పుడు తాళంచెవి ఒక్కటి నాశనం చేస్తే డిస్కు మొత్తం అర్థంకాని అంకెలుగా మిగులుతుంది.

మోర్గాన్ స్టాన్లీ అనే అమెరికా సంస్థ ఈ పని చేయలేదు. తన డేటా సెంటర్లు మూసేటప్పుడు పాత సర్వర్లను, డిస్కులను సమాచార నాశనంలో అనుభవం లేని ఒక సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. అవి చేతులు మారి ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి, ఖాతాదారుల వివరాలతో సహా. మరో సందర్భంలో 42 సర్వర్లు లెక్కకు రాలేదు. ఆ పరికరాల్లో సంకేత రూపంలో రాసే సౌకర్యం ఉన్నా ఏళ్ళ తరబడి దాన్ని ఆన్ చేయలేదు. 2022లో పడిన జరిమానా 3.5 కోట్ల డాలర్లు. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా అవసరం తీరిన సమాచారాన్ని చెరిపేయాలనే అంటుంది.

డేటా సెంటరులో చేరబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గుర్తుంచుకోవలసింది ఒక రిజిస్టరు. ఏ సీరియల్ నంబరు డిస్కు, ఏ ర్యాక్‌లోది, ఏ తేదీన ఎవరు ఏ పద్ధతిలో చెరిపారు, తర్వాత చదివి చూశారా లేదా. ఆ 42 సర్వర్లకు ఇలాంటి లెక్క సరిగా ఉంటే లేనివి ఏవో వెంటనే తెలిసేది. గుడివాడలోనో బందరులోనో షాపు పెట్టుకున్న పూర్వ విద్యార్థులు, పాత కంప్యూటర్ కొన్నప్పుడు విండోస్‌లో క్విక్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే హార్డ్ డిస్కు అంతటా సున్నాలు రాస్తుంది. రాత్రి పెట్టి వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది. ఇప్పటి స్మార్ట్ ఫోన్లు సంకేత రూపంలోనే రాస్తాయి కనుక ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవి పోతుంది, అది చాలు. మెమరీ కార్డు మాత్రం ముందే బయటికి తీయాలి. చాలా ఫోన్లలో దానికి ఆ రక్షణ ఉండదు.