చూపు దూరం, చెయ్యి వదులు

తిరుత్తణి, నగరి, తిరువళ్లూరు చుట్టుపక్కల పెరిగిన పిల్లలకు ఆకాశంలో చప్పుడు కొత్త కాదు. పక్కనే అరక్కోణంలో ఐఎన్‌ఎస్ రాజాళి ఉంది. 1992లో మొదలైన నౌకాదళ వైమానిక స్థావరం అది. నేవీ హెలికాప్టర్ పైలట్లు రాటుదేలేది అక్కడి స్కూల్లోనే. తలెత్తి చూసినప్పుడు ‘నేనూ నడపాలి’ అనిపించిందా? భేష్. అయితే కాక్‌పిట్‌లో మిమ్మల్ని ఏడిపించేవి ఏంటో ముందే తెలుసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ల్యాండింగ్. సెస్నా 172 లాంటి చిన్న విమానం వేగం అందుకుందంటే లేస్తానని తనే గొడవ చేస్తుంది. దింపడం దగ్గరే అసలు పరీక్ష. రన్‌వే మీదికొచ్చాక ముక్కు మెల్లగా పైకెత్తాలి. వేగం చచ్చేదాకా నేలకు కాస్త పైనే పట్టి ఉంచాలి. దీన్ని ఫ్లేర్ అంటారు.

కొత్త స్టూడెంట్లు ఏం చేస్తారు? ముక్కు కింద పరుగెత్తే నేలను చూస్తారు. బెదిరిపోయి యోక్‌ను, అంటే చేతిలోని కంట్రోల్ చక్రాన్ని, గట్టిగా లాగుతారు. విమానం దిగాల్సింది పోయి పైకి తేలుతుంది. కంగారుగా ముందుకు తోస్తారు. ముందు చక్రం నేలకు కొట్టుకుని విమానం గెంతుతుంది. ఇన్‌స్ట్రక్టర్ ‘ఐ హావ్ కంట్రోల్’ అంటారు. సీన్ కట్!

మందు మీ చూపులోనే ఉంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు ముందు చక్రం కేసి చూస్తే ఏమయ్యేది? ఇదీ అంతే. చూపును రన్‌వే చివరికి పంపండి. ఎత్తు ఎంత తగ్గుతోందో కంటి కొసలకు తెలిసిపోతుంది.

ఇక పట్టు. పిడికిలి బిగించకండి. రెండు మూడు వేళ్లు చాలు. పాత ఇన్‌స్ట్రక్టర్ల చిట్కా ఒకటి ఉంది: మధ్యవేలి పైనుంచి, అటూ ఇటూ ఉన్న వేళ్ల కిందనుంచి ఒక పెన్సిల్ దూర్చి యోక్ పట్టుకోండి. బిగించారో, వేళ్లు నొప్పెడతాయి. పెన్సిల్ కంటే ఓపికున్న గురువు నాకైతే కనిపించలేదు.

రేడియో అనగానే చాలామందికి నోరు పెగలదు. ‘నా ఇంగ్లీషు చాలదు సార్’ అంటారు. ఎవరు చెప్పారు? ఎవరిని పిలుస్తున్నారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఏం కావాలి... ఈ నాలుగు ముక్కలే ముఖ్యం. తిరుత్తణి బస్టాండులో నిలబడి నంబర్ ప్లేట్లు చదవండి. రేడియో భాషలో టీఎన్ అంటే టాంగో నవంబర్. ఏపీ అంటే ఆల్ఫా పాపా. బస్సు వచ్చేలోపు ఫ్రీ కోచింగ్!

గాల్లో గంట ఖరీదైనది. అందుకే నేల మీద ఎగరండి. దీని పేరు చైర్ ఫ్లయింగ్:

1. కుర్చీ వేసుకోండి. ఎదురు గోడకు కాక్‌పిట్ ఫోటో అతికించండి.
2. చెక్‌లిస్ట్ పైకి చదువుతూ ఒక్కో స్విచ్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి.
3. రన్‌వే చుట్టూ ఒక రౌండ్ వేయండి: టేకాఫ్, క్రాస్‌విండ్, డౌన్‌విండ్, బేస్, ఫైనల్. ఒక్కో చోట వేగం, ఎత్తు, ఫ్లాప్స్ గట్టిగా చెప్పండి.
4. ఒకసారి దిగండి. ఇంకోసారి గో-అరౌండ్ చేయండి. ల్యాండింగ్ కుదరనప్పుడు పవర్ ఇచ్చి మళ్లీ పైకెళ్లడం సిగ్గుపడాల్సిన పని కాదు. దాన్ని చేతికి అలవాటు చేయండి.

ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

‘చెక్‌లిస్ట్ ఎందుకు, నాకన్నీ గుర్తుంటాయి’ అనే మైండ్‌సెట్ ఉంటే ఇవాళే వదిలించుకోండి. 1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 విమానం టేకాఫ్ అయిన వెంటనే కూలిపోయింది. నడిపినవాళ్లు కొత్తవాళ్లేం కాదు, అనుభవజ్ఞులు. నేల మీద గాలికి కదలకుండా కంట్రోల్స్‌కు వేసిన గస్ట్ లాక్ తీయడం మరిచిపోయారు, అంతే. పైలట్లకు చెక్‌లిస్ట్ గట్టి అలవాటుగా మారింది ఆ దెబ్బ తర్వాతే.

కొన్ని వారాలు అస్సలు ముందుకు కదలరు. నిన్న వచ్చిన ల్యాండింగ్ ఇవాళ రాదు. ఈలోగా బ్యాచ్‌మేట్ ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా, అదే సోలో, కొట్టేస్తాడు. కడుపు మండుతుంది కదా? కమర్షియల్ లైసెన్స్‌కు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. మీ లాగ్‌బుక్‌లో పక్కవాడి గంటలకు కాలమ్ లేదు!

హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమాను చూడండి. ఏపీ ఏవియేషన్ అకాడమీలో సెస్నాల మీద నేర్చుకుని కమర్షియల్ లైసెన్స్ సాధించారు. లైసెన్స్ చేతికొచ్చాక కూడా, పెద్ద విమానాల ట్రైనింగ్‌కు డబ్బు లేక ఆగిపోవాల్సి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం సాయం చేశాక మళ్లీ ముందుకెళ్లారు. అలా ఆగిపోయిన కాలంలో, అంతకుముందు నేర్చుకున్నది మరిచిపోకుండా ఉండటమే పెద్ద పని. మీకూ అలాంటి గ్యాప్ రావచ్చు. కుర్చీ, ఫోటో ఉన్నాయిగా?

రేపే సార్టీ, అంటే ఫ్లయింగ్ పాఠం, ఉందా? ఉదయం స్లాట్ అడగండి. మన వైపు ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో నేల కాగిపోయి వేడిగాలి పైకి తంతుంది, చిన్న విమానం ఎగిరెగిరి పడుతుంది. ఖాళీ కడుపుతో వెళ్లకండి. రెండు ఇడ్లీలు తినండి, మూడోది వద్దు. దిగగానే ఫోన్ తీయకుండా, ఏది కుదిరింది, ఏది కుదరలేదు, మళ్లీ ఏం చేస్తాను అని మూడు లైన్లు రాసుకోండి. ఆ పేజీ చూపించి ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక్క ప్రశ్న అడిగాకే ఇంటి బస్సెక్కండి.