లైనక్సు కంప్యూటరులో వైఫై కార్డు: లోపనిర్ణయము

రోగమెరుగక మందు వేయుట ఎంత అనర్థమో, లోపమెరుగక యంత్రభాగమును మార్చుటయు అంతే. పలివెలలో ఒక విద్యార్థి తన పాత ల్యాప్‌టాపులో డెబియన్ లైనక్సు వేసుకొనగా వైఫై పనిచేయలేదు. ఉపకారవేతనపు దరఖాస్తుకు రెండు రోజులే గడువు. కార్డు చెడినదని తలచి, కొత్తదానికై అప్పు చేయబోయినాడు. మేము అతనితో కూర్చుండి వరుసగా పరీక్షించితిమి.

మొదట ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అను ఆజ్ఞ నిచ్చితిమి. కార్డు పేరు కనబడినది. అనగా యంత్రము దానిని గుర్తించినది. రెండవది ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’: మీటగాని, సాఫ్ట్‌వేరుగాని రేడియోను ఆపలేదని తేలినది. మూడవదిగా కెర్నెల్ సందేశములు చదువగా, ఫర్మ్‌వేర్ దొరకలేదని ఉన్నది.

ఫర్మ్‌వేర్ అనగా కార్డులోని చిన్న ప్రాసెసరును నడుపు ఆదేశముల సంపుటి. పలు కంపెనీలు దాని మూలరచనను వెల్లడించవు. అందుచే 2023లో 12వ వెర్షను వచ్చువరకు డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలరులో అట్టి ఫర్మ్‌వేరును చేర్చలేదు. ఈ విద్యార్థి వేసుకొన్నది అంతకు పూర్వపు ప్రతి.

సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, దాని ఇంటర్నెట్టు ద్వారా ఫర్మ్‌వేర్ తెచ్చి, కంప్యూటరును తిరిగి ప్రారంభించితిమి. వైఫై వచ్చినది, దరఖాస్తు ఆ రాత్రియే వెళ్ళినది.

విద్యార్థులారా! కార్డు కనబడుచున్నదా? ఆపబడినదా? ఫర్మ్‌వేర్ ఉన్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకిన తరువాతనే డబ్బు సంచి విప్పుడు.